ఒక్కరికే రెండు టికెట్ల ఛార్జీ: ఒంటరిగా క్రూయిజ్‌లెక్కిన నా అనుభవం

క్రూయిజ్ ప్రకటనల్లో ధర పక్కన కంటికి ఆననంత చిన్న అక్షరాల్లో ‘గదిలో ఇద్దరుంటే, ఒక్కొక్కరికి’ అని ఉంటుంది. జంటగా వెళ్లేవాళ్లకి దాంతో పనిలేదు. ఒంటరిగా వెళ్లాలనుకునేవాళ్లకి మాత్రం అసలు లెక్క అక్కడే మొదలవుతుంది.

మాది విశాఖ. బ్యాంకులో పనిచేసి రిటైరయ్యాను. చిన్నప్పుడు వన్‌టౌన్‌లో ఉండేవాళ్లం. డాబా ఎక్కితే పోర్టులో ఓడలు కనబడేవి. మా నాయనమ్మ వాళ్ల కాలంలో ఈ రేవు నుంచే జనం కూలికి బర్మాలోని రంగం (రంగూన్) వెళ్లేవారట. సరదాకి ఓడెక్కడమన్నది మా ఇంట్లో ఎవరికీ తట్టని సంగతి. మా ఆయనకి సముద్రమంటే బీచ్‌రోడ్డులో వాకింగ్ వరకే. పడవెక్కితే తల తిరుగుతుందంటారు, ఎప్పుడూ ఎక్కింది లేదు గానీ. అందుకని నేనొక్కదాన్నే వెళ్తానన్నాను. పిల్లలు టెన్షన్ పడ్డారు, ఆయన పడలేదు.

మొదట ఎక్కింది మన ఊరికొచ్చిన ఓడే. కార్డీలియా అనే క్రూయిజ్ కంపెనీ వాళ్ల ఎంప్రెస్ ఓడ 2022 జూన్‌లో మొదటిసారి విశాఖ వచ్చింది. అప్పటికి మనకి క్రూయిజ్ టెర్మినల్ లేదు, అది 2023 సెప్టెంబరులో మొదలైంది. ఆ తర్వాత ఓడ మళ్లీ చెన్నై, విశాఖ, పుదుచ్చేరి తిరుగుతోందని తెలిసి టికెట్ కోసం ద్వారకానగర్‌లో ఒక ఏజెంటు దగ్గరికెళ్లాను. మనిషికింత అని చెప్పాడు, సరేనన్నాను. ఆధార్ కాపీ, ఫోన్ నంబరు అన్నీ తీసుకున్నాక, డబ్బు కట్టే ముందు, ‘మేడమ్, మీరు సింగిల్ కదా, సప్లిమెంట్ పడుతుంది’ అన్నాడు. చూస్తే దాదాపు రెట్టింపు. ముందే ఎందుకు చెప్పలేదయ్యా అంటే, ‘ఒక్కరే వెళ్లేవాళ్లు మా దగ్గరికి రారు మేడమ్’ అన్నాడు. అది మాత్రం నిజమే అయ్యుంటుంది.

ఇంటికొచ్చి లెక్క చెప్తే మా ఆయన కాసేపు ఆలోచించి, ‘అంటే నేను కూడా వస్తే నాకు ఛార్జీ ఊరికేనన్నమాట!’ అన్నారు. పోర్టు ఛార్జీలు, టిప్పులు మీ వంతు మీకుంటాయన్నాను. ‘అయితే వద్దులే’ అన్నారు.

ఈ సింగిల్ సప్లిమెంట్ సంగతి కాస్త వివరంగా చెప్పాలి. ఓడలో గదులు చాలావరకు ఇద్దరి లెక్కన కట్టినవే. మనిషికి 30 వేలని రాసి ఉంటే, ఆ గది నుంచి కంపెనీకి రావలసింది 60 వేలు. ఒక్కరే ఉన్నా ఆ 60 వేలూ రాబట్టుకుంటే దాన్నే వంద శాతం సప్లిమెంట్ అంటారు. అప్పటికీ కంపెనీకి కొంత నష్టమే. రెండో మనిషి ఉండుంటే బార్‌లోనో కేసినోలోనో, ఫొటోలకో, ఊళ్లు తిప్పే టూర్లకో ఇంకొంత ఖర్చుపెట్టేవాడు. అందుకే గిరాకీ ఉన్న సెలవుల్లో ఒంటరివాళ్లకి బేరం ఉండదు. గదులు మిగిలిపోతాయన్న భయం పట్టుకున్నప్పుడే సప్లిమెంట్ యాభై శాతానికో, ఇంకా కిందికో దిగుతుంది. బడి సెలవులు కానప్పుడు, అందరూ వద్దనుకునే తారీఖుల్లో, బయల్దేరే రోజు దగ్గరపడ్డాక అడిగి చూడాలి. ఏ కంపెనీనైనా నేను అడిగే ప్రశ్న ఒక్కటే: ‘ఒక్కరికి, అన్నీ కలిపి, రాత్రికి ఎంత పడుతుంది?’ పోర్టు ఛార్జీలు, పన్నులు, టిప్పులు కలిపి రాత్రుల సంఖ్యతో భాగిస్తే తప్ప రెండు ఓడల్ని పక్కపక్కన పెట్టి చూడలేం.

ఎంప్రెస్ 1990లో రాయల్ కరీబియన్ కంపెనీ వాళ్లు కట్టించుకున్న ఓడ, గ్రాస్ టన్నేజీ (ఓడ లోపల ఎంత చోటుందో చెప్పే కొలత) 48 వేల పైచిలుకు. ఇప్పటి ఓడల పక్కన చిన్నది. నాకైతే ఆ చిన్నదనమే నచ్చింది. ఒక పూటలో దారులన్నీ తెలిసిపోయాయి. దేశంలోనే తిరిగే ప్రయాణం కాబట్టి వీసా గొడవ లేదు. డాల్ఫిన్స్ నోస్ కొండని సముద్రం వైపు నుంచి చూడటం కోసమైనా ఒకసారి ఎక్కొచ్చు. పుట్టి పెరిగిన ఊరు అటువైపు నుంచి చూస్తే కొత్తగా ఉంది, కైలాసగిరి ఎక్కడో కూడా కాసేపు పోల్చుకోలేకపోయాను.

కానీ ఓడ నిండా కుటుంబాలే, ఆఫీసు బృందాలే. లిఫ్టులో శ్రీకాకుళం వైపు పెద్దావిడ ఒకామె నన్ను పైనుంచి కిందిదాకా చూసి, ‘ఏటమ్మా, ఒక్కదానివే వచ్చీసినావేటి?’ అంది. అవునన్నాను. ‘మీ ఆయనేటన్నాడు?’ అంది. ఏమీ అనలేదన్నాను. ఆ సాయంత్రం నుంచి వాళ్ల కుటుంబం నన్ను వదల్లేదు. భోజనానికి పిలుపు, హౌసీకి పిలుపు, మనవడి పుట్టినరోజు కేకు. మన ఓడల్లో ఒంటరితనం ఉండదు, ఉండాలనుకున్నా ఉండనివ్వరు. అది కొందరికి వరం. నేను పుస్తకం పట్టుకుని డెక్ మీదికి పోయిన ప్రతిసారీ పక్కన ఎవరో ఒకరు తేలేవారు.

వర్షాకాలంలో బంగాళాఖాతం ఊరుకోదు. మొదటి రాత్రే ఓడ ఊగింది. మధ్యలో, కింది డెక్‌లో గది తీసుకుంటే ఊపు తక్కువ తెలుస్తుంది. ముందువైపు, పై అంతస్తులో బాల్కనీ గది చూడ్డానికి బావుంటుంది గానీ ఊగేది అక్కడే. అవోమిన్ లాంటి మాత్ర డాక్టర్ని అడిగి దగ్గర పెట్టుకోవాలి, అదీ వికారం మొదలవక ముందే వేసుకుంటేనే పనిచేస్తుంది.

తర్వాత సింగపూర్ నుంచి వెళ్లాను. విశాఖ నుంచి స్కూట్ విమానం నేరుగా ఉంది కాబట్టి మనకి అన్నిటికన్నా సులువైన పెద్ద క్రూయిజ్ రేవు సింగపూరే. సింగపూర్ వీసా మల్టిపుల్ ఎంట్రీ అయ్యుండాలి. ఓడలో బయటికెళ్లి తిరిగొస్తే అది రెండోసారి ప్రవేశించడం కిందే లెక్క. ఓడ ఆగే మలేషియాకి మనవాళ్లకి 2023 డిసెంబరు నుంచి వీసా అక్కర్లేకుండా చేశారు, కానీ ఆన్‌లైన్‌లో డిజిటల్ కార్డు నింపాలి. సింగపూర్ అరైవల్ కార్డూ అంతే, ఓడ దిగేటప్పుడు మళ్లీ నింపాలి. రెండూ ఉచితమే. డబ్బడిగే సైటు కనబడితే అది ప్రభుత్వానిది కాదని అర్థం.

రాయల్ కరీబియన్ వాళ్ల ఆంథెమ్ ఆఫ్ ది సీస్ ఆ సీజన్లో సింగపూర్ నుంచి తిరిగేది. 1,68,000 పైచిలుకు టన్నులు, అంటే మన ఎంప్రెస్ లాంటివి మూడు పడతాయి. అందులో ఒక్కరి కోసమే కట్టిన స్టూడియో గదులు కొన్ని ఉన్నాయి. ఉన్నవి కొన్నే కాబట్టి నేను అడిగేసరికి అయిపోయాయి. మామూలు ఇన్‌సైడ్ గదే, అంటే సముద్రం వైపు కిటికీ లేనిదే, రెండింతలు కట్టి తీసుకున్నాను. ఓదార్పేమిటంటే, అలా రెండో మనిషి ఛార్జీ కూడా కట్టినవాళ్లకి వాళ్ల మెంబర్‌షిప్‌లో పాయింట్లు రెట్టింపు వేస్తారు.

ఆ ఓడలో నాకు బాగా గుర్తున్నది మొదటి రాత్రి భోజనాల హాలు. నన్ను ఇద్దరి టేబుల్ దగ్గర కూర్చోబెట్టారు. వెయిటర్ వచ్చి నవ్వుతూ నీళ్లు పోసి, ఎదుటి కుర్చీ ముందున్న ప్లేటు తీశాడు. తర్వాత గ్లాసులు. తర్వాత ఫోర్కులు, కత్తులు, స్పూన్లు ఒక్కొక్కటీ చప్పుడు కాకుండా ఏరి, చివరికి మడతపెట్టిన నేప్‌కిన్ కూడా పట్టుకెళ్లాడు. అతని తప్పేం లేదు, పనే అది. కానీ ఎదుట బల్ల అలా ఖాళీ అవుతుంటే చూస్తూ కూర్చోవడం నాకు నచ్చలేదు. మర్నాడు హాలు బాధ్యత చూసే ఆయన దగ్గరికెళ్లి పదిమందితో కూర్చునే టేబుల్ కావాలన్నాను. వెంటనే మార్చారు. అక్కడ ఆస్ట్రేలియా రిటైర్డ్ నర్సు ఒకావిడ, మలేషియా చైనీస్ దంపతులు, పెళ్లి కాని ఇద్దరు అన్నదమ్ములు. పెనాంగ్‌లో ఆ నర్సూ నేనూ కలిసి దిగాం. రేవు నుంచి నడిచిపోయేంత దూరంలోనే లిటిల్ ఇండియా ఉంది. ఆవిడకి దోసె తినిపించాను. ఓడెక్కిన రోజే నలుగురితో పంచుకునే టేబుల్ అడగడం ఏ కంపెనీలోనైనా చేయవలసిన మొదటి పని.

శాకాహారులు ఆంథెమ్‌లో ఇబ్బంది పడక్కర్లేదు. ముందురోజు చెప్తే పప్పు, కూర, రోటీ చేసిపెట్టారు. ఉత్తరాది రుచే, అయినా ఫరవాలేదు. సింగపూర్ నుంచే తిరిగే రిసార్ట్స్ వరల్డ్ వాళ్ల జెంటింగ్ డ్రీమ్‌లో మన తిండికి ఇంకా ఎక్కువ చోటుంది, జైన భోజనం దాకా పెడతారు, మనవాళ్లూ ఎక్కువే కనబడతారు. మొదటిసారి ఒంటరిగా వెళ్లే పెద్దవాళ్లకి తిండి భయం ఉంటే నేను దాన్నే చెప్తాను. పుస్తకం చదువుకోవాలంటే ఆంథెమ్.

ఒంటరివాళ్ల సంగతి నిజంగా పట్టించుకున్నది మాత్రం నార్వేజియన్ క్రూయిజ్ లైన్. 2010లో ఎపిక్ అనే ఓడలో ఒక్కరికోసమే 128 స్టూడియో గదులు కట్టి ఈ పద్ధతిని పెద్దఎత్తున మొదలుపెట్టింది వాళ్లే. డల్లాస్‌లో మా అబ్బాయి ఉంటాడు. వాడి దగ్గరికి వెళ్లినప్పుడు టెక్సాస్‌లోనే ఉన్న గాల్వెస్టన్ రేవు నుంచి వాళ్ల ప్రిమా అనే ఓడ ఎక్కాను. మనలాగా అమెరికా వెళ్లొచ్చే తల్లిదండ్రులకి ఇది చక్కని వీలు. వీసా మల్టిపుల్ ఎంట్రీ ఉంటుంది, ఆ వీసా ఉంటే ఓడ ఆగే మెక్సికోకి వేరే వీసా అడగరు. స్టూడియో గది సుమారు వంద చదరపు అడుగులు, కిటికీ లేదు. మంచం, సింకు, షవరు, అన్నీ చేతికందే దూరంలోనే. మా కోడలు ఫొటో చూసి, ‘అత్తయ్యా, ఇది రైలు కూపేలా ఉంది’ అంది. గదిలో ఉండేదెవరు? స్టూడియోవాళ్ల కార్డుతో మాత్రమే తెరుచుకునే లాంజ్ ఒకటుంది. కాఫీ అక్కడే. సాయంత్రం అందరూ చేరి, ఈ రాత్రి భోజనానికి ఎవరెవరు, నాటకానికి ఎవరెవరు అని మాట్లాడుకుంటారు. నచ్చితే వెళ్తాం, లేకపోతే లేదు. మన ఓడలోలాగా పట్టి లాగేవాళ్లు లేరు, పెద్ద ఓడలోలాగా ఎవరికీ పట్టనట్టూ ఉండదు.

అయితే స్టూడియో అనగానే చవకనుకోవద్దు. కొన్ని తారీఖుల్లో స్టూడియో ధరా, మామూలు ఇన్‌సైడ్ గదికి ఇద్దరి ధరా పక్కపక్కనే ఉంటాయి. అలాంటప్పుడు పెద్ద గది తీసుకోవచ్చు గానీ లాంజ్ పోతుంది. నేనైతే లాంజే కావాలంటాను.

టిప్పులు చాలా ఓడల్లో రోజువారీగా మనిషి లెక్కన బిల్లులో పడిపోతాయి. నేను వెళ్లినప్పుడు మామూలు గదులకి రాయల్ కరీబియన్‌లో రోజుకి 18.50 డాలర్లు, నార్వేజియన్‌లో 20 డాలర్లు. ఇక్కడ మాత్రం ఒంటరివాళ్లకి రెట్టింపు లేదు. బ్యాంకు మనిషిగా ఇంకో మాట. ఓడ ఖాతాకి డెబిట్ కార్డు ఇవ్వకండి, ఖర్చుల కోసమని వాళ్లు ముందే ఆపి ఉంచిన (హోల్డ్ పెట్టిన) డబ్బు వెనక్కి రావడానికి రోజులు పడుతుంది. క్రెడిట్ కార్డు ఇవ్వండి. ఏజెంటు దగ్గర విదేశీ ప్యాకేజీగా కొంటే టీసీఎస్ అని ముందుగానే కొంత పన్ను పట్టుకుంటారు, అది ఆదాయపు పన్ను రిటర్నులో సర్దుబాటవుతుంది, మన పన్ను ఖాతాలో పడిందో లేదో చూసుకోవాలి. ఫోన్ ఓడెక్కగానే ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టాలి, లేకపోతే సముద్రం మీది రోమింగ్ బిల్లు చూసి కళ్లు తిరుగుతాయి, ఓడ ఊపుతో పనిలేకుండా.

ప్రమాదం వస్తే ఎక్కడ చేరాలో, ఏం చేయాలో నేర్పే మస్టర్ డ్రిల్ ఎగ్గొట్టకూడదు. 2012లో ఇటలీలో కోస్టా కాంకోర్డియా మునిగి 32 మంది పోయాక, ఓడ కదిలేలోపే, లేదా కదిలిన వెంటనే, ఈ డ్రిల్ చేయించాలని నియమం మార్చారు. పక్కన గుర్తుచేసే మనిషి ఉండరు కాబట్టి మనం చేరాల్సిన చోటు (స్టేషన్) ఎక్కడో కాళ్లతో నడిచి చూసుకోవాలి.

చివరి రాత్రి పెట్టెలు గది బయట పెట్టేస్తే వాళ్లే దించుతారు. నేను మాత్రం నేను ఎత్తగలిగినంత పెట్టే తీసుకెళ్లి, పొద్దున్నే నాతోపాటే దించుకుంటాను. బిల్లు ఆ ముందురోజే చూసుకుంటే రిసెప్షన్ దగ్గర క్యూ ఉండదు. ఒక ఓడలో నేను తాగని వైన్ నా ఖాతాలో పడింది, అడగ్గానే తీసేశారు.

ఇప్పుడు డిసెంబరుకి సింగపూర్ నుంచి ఒకటి చూస్తున్నాను. వంద శాతం సప్లిమెంట్ చెప్తున్నారు. సంక్రాంతి దాటాక తారీఖులకి ధర కనుక్కోమని ఏజెంటుకి చెప్పాను. ఇప్పుడు వేరే ఏజెంటు లెండి.