దారం పోయింది, బెజ్జాలు మిగిలాయి

ముందు సూట్‌కేసు సంగతి చెప్పాలి. రెండు రోజుల ప్రయాణం, నా మామూలు బట్టలు భుజానికి తగిలించుకునే సంచీలో సగం కూడా నిండలేదు. పెద్ద సూట్‌కేసు నిండా 1545 నాటి ఇంగ్లండ్ ఆడమనిషి బట్టలే. స్మాక్ అనే పొడుగాటి లినెన్ లోచొక్కా, దాని మీద వేసుకునే ఉన్ని కర్టిల్ (బిగుతు రవికా లంగా కలిపి కుట్టేసినట్టు ఉంటుంది), ముందు కట్టుకునే గుడ్డ, జుట్టంతా కప్పేసే కాయిఫ్ అనే టోపీలు రెండు. రెడింగ్ స్టేషన్లో మెట్ల మీద ఆ పెట్టె ఈడుస్తుంటే మా ఆయన "పెళ్లికి వెళ్తున్నట్టుంది" అన్నారు. అమ్మకి ముందురోజే ఫోన్లో చెప్పాను. "ఈడ ఉన్నప్పుడు జాకెట్టు హుక్కు ఊడితే కూడా నా మీద పడేస్తాంటివి, ఇప్పుడు తెల్లోళ్ల పావడాలు కుట్టుకుంటా ఉండావా" అని ఆదోని నుంచి ఒకటే నవ్వు.

ఈ పిచ్చి పట్టుకుని మూడేళ్లయింది. ట్యూడర్ రాజుల కాలం, అంటే 1485 నుంచి 1603 దాకా జనం ఎలా కట్టుకున్నారో అలాగే కుట్టుకుని, అవి వేసుకుని పొలాల్లో గుడారాలేసుకుని ఆ కాలపు వంటా పనీ చేసి చూపించే బృందాలు ఇక్కడ ఇంగ్లండ్‌లో చాలా ఉన్నాయి. నేను చేరినదీ అలాంటి చిన్న బృందమే. జూన్‌లో ఒక శని, ఆదివారాలు ససెక్స్‌లో క్యాంపు పెట్టారు. శనివారం క్యాంపు, ఆదివారం పోర్ట్స్‌మత్‌లో, ట్యూడర్ల కాలంలో మునిగి ఇప్పుడు మ్యూజియంలో ఉన్న మేరీ రోజ్ ఓడ చూసి ఇంటికి, ఇదీ నా ప్లాను.

రైళ్లు మారి మారి చిచెస్టర్, అక్కడి నుంచి 60 నంబరు బస్సులో సింగిల్టన్. క్యాంపుకి ఇంకా టైముంది కదాని అక్కడున్న వీల్డ్ అండ్ డౌన్‌ల్యాండ్ మ్యూజియంలో దూరాను. పాత ఇళ్లని ఊడదీసి తెచ్చి మళ్లీ నిలబెట్టిన చోటు. అందులో ఒక రైతు ఇల్లుంది, ఇంటి పేరు బేలీఫ్, కెంట్‌లో రిజర్వాయరు కడుతుంటే మునిగిపోతుందని దూలం దూలం విప్పి ఇక్కడికి తెచ్చారట. మా కర్నూలు జిల్లా వాళ్లకి ఇది కొత్త కథ కాదు, శ్రీశైలం నీళ్లలో మునగాల్సిన కూడవెల్లి గుడిని రాయి రాయి విప్పి అలంపురంలో పేర్చారు కదా. లోపల 1540 ప్రాంతంలో ఎలా ఉండేదో అలా సర్దిపెట్టారు. మధ్యలో నేల మీదే పొయ్యి, పొగ పోవడానికి గొట్టం లేదు. ఐదు నిమిషాల్లో నా కళ్లు మండాయి. ఆ పొగలో వేసుకోవాల్సిన బట్టలే నా పెట్టెలో ఉన్నాయని అప్పుడు తట్టింది.

క్యాంపులో రూల్స్ గట్టివి. వాచీ తీసెయ్యాలి, గోళ్లరంగు ఉండకూడదు, ఫోను బుట్టలో గుడ్డ కింద. నల్లపూసలు స్మాక్ లోపలికి వేసేసుకున్నాను. ముక్కుపుడక మాత్రం తియ్యనన్నాను, బృందం పెద్దావిడ చూసీ చూడనట్టు ఊరుకుంది. ఆవిడకి డెబ్బై దాటాయి. కొత్తగా ఎవరు బట్టలు కుట్టుకొచ్చినా ముందు ఆవిడ చూడాలి.

ఇప్పుడు నా కాయిఫ్ గురించి కొంచెం సేపు చెప్పుకోనివ్వండి, ఆరు నెలలు కుట్టాను. తెల్ల లినెన్ మీద నల్ల పట్టుదారంతో చేసే కుట్టుపనిని బ్లాక్‌వర్క్ అంటారు. గీత గీసుకుని కుట్టేది కాదు నేను చేసింది, పోగులు లెక్కపెట్టి కుట్టేది. నా గుడ్డ అంగుళానికి 35 పోగులు, రెండు పోగులకొక కుట్టు. మామూలు పరుగు కుట్టు ఒకటి వదిలి ఒకటి వేసుకుంటూ గీత చివరిదాకా వెళ్లి, మళ్లీ అదే దారిన వెనక్కి వస్తూ వదిలేసిన ఖాళీలు నింపాలి. అప్పుడు ముందూ వెనకా ఒకేలా ఉంటుంది, ముడి కనపడదు. ఒక్క పోగు తప్పావో, నాలుగు వరసల తర్వాత ద్రాక్షతీగ వచ్చి తీగని కలవాల్సిన చోట కలవదు, అప్పుడు తెలుస్తుంది తప్పని, అంతా విప్పు. నేను మూడుసార్లు విప్పాను, ఒకసారి ఏడ్చాను కూడా. ఈ కుట్టుని ఇప్పుడు హోల్బైన్ కుట్టు అంటారు, అప్పటి రాజు ఎనిమిదో హెన్రీ ఆస్థాన చిత్రకారుడు హోల్బైన్ పేరు మీద. ఆయన వేసిన జేన్ సీమోర్ రాణి బొమ్మ వియన్నాలో ఉంది, చేతుల అంచుల మీద ఈ పని ఎంత స్పష్టంగా వేశాడంటే చూసి కుట్టుకోవచ్చు. చేతి అంచు మడత పడితే రెండో వైపూ కనపడుతుంది, వెనకా ముందూ ఒకేలా ఉండాలన్నది అందుకే.

తమాషా ఏంటంటే ఈ కుట్టు నాకు ఇంగ్లండ్‌లో రాలేదు. మా అమ్మమ్మకి ఇల్కల్ చీర ఒకటుండేది, కొంగు మీద గోపురాలూ తులసికోటా ఏనుగులూ, ధార్వాడ వైపు కసూతి పని. చిన్నప్పుడు కొంగు తిప్పి తిప్పి ఏది లోపలి వైపో కనిపెట్టాలని చూసేదాన్ని. కసూతిలో దీన్ని గవంతి అంటారు. వెళ్లీ వచ్చీ కుట్టేది, అచ్చం ఇదే. ఆమె దగ్గర కూర్చుని నేర్చుకోలేదు గానీ చూసి చూసి చెయ్యి పట్టేసింది.

పెద్దావిడ కాయిఫ్ చేతిలోకి తీసుకుని వెలుతురుకి పట్టింది. అటు తిప్పింది, ఇటు తిప్పింది. "లోపలి వైపు ఏది?" అంది. ఆ ఒక్క ప్రశ్నకి ఆరు నెలల మెడనొప్పి పోయింది. పోయిన రెండు నిమిషాలకే తిరిగొచ్చింది, ఎందుకంటే ఆవిడ, "చాలా బాగుంది, కానీ నువ్వు ఇది పెట్టుకోకూడదు" అంది. నా పాత్ర రైతు ఇంట్లో పనిమనిషి. పట్టుదారం కొనే స్తోమత ఆమెకెక్కడిది? ఆ కాలంలో ఎవరు ఏం కట్టుకోవాలో చట్టాలుండేవి, ఊదారంగు పట్టు రాజు కుటుంబానికే అని 1533లో రాసిపెట్టారు. నా మీద చట్టం దాకా అక్కర్లేదు, డబ్బే అడ్డం. సరే అని పెట్టెలో ఉన్న రెండోది, ఏ పనీ లేని తెల్ల కాయిఫ్, పెట్టుకున్నాను. పిన్నులతో బిగిస్తుంటే ఒకటి చెవి వెనక గుచ్చుకుంది, సాయంత్రం దాకా పోట్లాడింది.

అసలు గండం తర్వాత. నా స్మాక్ చెయ్యి పట్టుకుని చంక దగ్గర లోపలికి తిప్పింది ఆవిడ. స్మాక్‌లో వంపు కత్తిరింపులు ఉండవు, అన్నీ చతురస్రాలూ పొడుగు ముక్కలూ, చంక కింద ఒక చిన్న చతురస్రం, పక్కలకి త్రికోణాలు. గుడ్డ ఖరీదైనది, జానెడు ముక్క కూడా వృథా పోనివ్వరు. మా తాత లాల్చీ చంకలోనూ ఇదే చతురస్రం ఉండేది. బయటికి కనపడే అంచులన్నీ చేత్తోనే కుట్టాను, చీర ఫాల్ కుట్టిన చేతికి అదో లెక్కా? కానీ లోపలి పొడుగు కుట్లు, ఏమనుకోకండి, మిషను మీద లాగించేశాను. ఎవరు చూస్తారులే అని.

ఆవిడ కోప్పడలేదు. "చాలామంది ఇలాగే చేస్తారు, రేపు మేరీ రోజ్ దగ్గర తోలు బట్టలు దగ్గరగా చూడు" అని అంతే.

ఆ రోజు మిగతాది బార్లీ, బఠాణీల గంజి కలపడంతో గడిచిపోయింది, మిరపకాయ మాట దేవుడెరుగు. మధ్యాహ్నం రంగు పాత్ర దగ్గర కాసేపు నిలబడ్డాను. మాడర్ వేరుతో ఎరుపు వేస్తున్నారు, ముందు ఉన్నిని పటిక నీళ్లలో ఉడికించి. మన కలంకారీ చిరివేరుకీ పటికే, ఆ రెండు వేళ్లలోనూ ఎరుపునిచ్చే సరుకు ఒకటే. చూడటానికొచ్చిన వాళ్లలో ఒకాయన నన్ను మర్యాదగానే అడిగాడు, మీలాంటివాళ్లు అప్పట్లో ఇక్కడ ఉండేవాళ్లా అని. ప్రతిసారీ ఎవరో ఒకరు అడుగుతారు, అందుకని జవాబు దగ్గర పెట్టుకున్నాను. హెన్రీ ఆస్థానంలో బాకా ఊదిన జాన్ బ్లాంక్ నల్లజాతి మనిషి, 1511 నాటి చిత్రపటంలో తలపాగాతో గుర్రం మీద కనిపిస్తాడు. మునిగిన మేరీ రోజ్ నుంచి సరుకు పైకి తియ్యడానికి పెట్టుకున్న గజ ఈతగాళ్లలో జాక్ ఫ్రాన్సిస్ అని పశ్చిమ ఆఫ్రికా మనిషి ఉన్నాడు, 1548లో లండన్ కోర్టులో సాక్ష్యం కూడా చెప్పాడు. మన వైపు నుంచి అయితే ఇంకొంచెం ఆగాలి. ట్యూడర్లు పోయిన పదకొండేళ్లకి, 1614లో, బంగాళాఖాతం తీరం నుంచి ఒక కుర్రాడిని తీసుకొచ్చారు, 1616 డిసెంబరు 22న లండన్ చర్చిలో పీటర్ అని బాప్తిస్మం ఇచ్చారు. సొంత పేరు ఏమైందో మరి. ఆయన శ్రద్ధగా విన్నాడు, వాళ్లావిడ మాత్రం నా ముక్కుపుడకనే చూస్తూ ఉంది.

ఆదివారం పొద్దున్నే పోర్ట్స్‌మత్ హార్బర్ స్టేషన్లో దిగాను. డాక్‌యార్డ్ గేటు పక్కనే. మేరీ రోజ్ 1545 జులై 19న ఫ్రెంచి వాళ్లతో యుద్ధంలో, రాజు ఒడ్డు మీద నుంచి చూస్తుండగానే మునిగిపోయింది. దాదాపు 500 మంది ఉంటే బతికింది 35 మంది లోపే. శత్రువులు పైకెక్కకుండా కట్టిన వలే వాళ్లని బయటికి రానివ్వలేదు. 1982 అక్టోబరు 11న మిగిలిన సగం ఓడని పైకి లేపారు. ఇప్పుడు ఒక వైపు ఆ ఓడ, ఎదురు వైపు అద్దాల వెనక అందులో దొరికిన సామాను, ఏ అంతస్తులో దొరికింది ఆ అంతస్తుకి ఎదురుగా. మధ్యలో నడుస్తుంటే మాట రాదు.

ఫిరంగుల దగ్గర జనం ఆగారు, నేను బట్టల దగ్గర ఆగిపోయాను. బూట్లు, దువ్వెనలు (82 దొరికాయట, కొన్నింట్లో పేలు కూడా), దారం చుట్టే చెక్కలు, వేలికి పెట్టుకునే లోహపు తొడుగులు. ఓడ వైద్యుడి పెట్టెలో దొరికిన వెల్వెట్ టోపీ. పట్టు మిగిలింది, ఉన్ని మిగిలింది, తోలు మిగిలింది. సముద్రపు బురద జంతువుల నుంచి వచ్చిన వాటిని కాపాడింది, లినెన్‌ని తినేసింది. ఒంటికి తగిలే ఆ చొక్కాలు, చెమట పీల్చి వారం వారం ఉతుక్కునేవి, అవే లేవు.

అప్పుడు ఆ తోలు చొక్కా. చేతుల్లేని జెర్కిన్, గోధుమ నలుపు, నావికుడిదో సైనికుడిదో. అద్దానికి ముక్కు ఆనించి చూశాను. అంచు వెంట వరసగా బెజ్జాలు. ఒక చోట దగ్గరదగ్గరగా, ఒక చోట చెయ్యి అలిసిపోయినట్టు ఎడంగా, మూల తిరిగే చోట రెండు పక్కపక్కనే. దారం లేదు. లినెన్ దారం, తేనెమైనం పూసి కుట్టి ఉంటారు, అది పోయింది. కుట్టు వెళ్లిన దారి మాత్రం ఉంది, ఎడం ఎంతో స్కేలు పెట్టి కొలుచుకోవచ్చు. పెద్దావిడ చూడమన్నది ఇదే.

బ్లాక్‌వర్క్‌లో దీనికి సరిగ్గా తిరగేసి జరుగుతుంది. అక్కడ లినెన్ నిలుస్తుంది, నల్లదారం పోతుంది. అప్పట్లో పట్టుకి నలుపు ఎక్కడానికి ఇనుము కలిపేవాళ్లు, ఆ ఇనుమే నిదానంగా పట్టుని కొరికేస్తుంది. పాత కాయిఫ్‌ల మీద కొన్ని ఆకులకి దారం రాలిపోయి సూది గుచ్చిన చుక్కలే ఆకులా నిలబడి ఉంటాయి. నాది ఈ కాలపు రంగు, అంత తొందరగా పోదు లెండి.

తిరుగు రైల్లో సీటు దొరికింది. పెట్టె తెరిచి స్మాక్ తీసి, కుట్లు విప్పే చిన్న కత్తి కోసం సంచీ అడుగంతా వెతికాను. చంక దగ్గర మొదలుపెట్టాను. మిషను కుట్టు అక్కడక్కడా దారం కోసి లాగితే బరబరా వచ్చేస్తుంది. ఎదుటి సీట్లో పిల్లాడు వాళ్లమ్మతో, "ఆమె బట్టలు చింపుకుంటోంది" అన్నాడు. గుడ్డ మీద బెజ్జాలు వరసగా, అన్నీ ఒకే కొలతలో ఉన్నాయి. లినెన్ కదా, ఒక ఉతుకు పడితే పూడుకుపోతాయి. బేసింగ్‌స్టోక్‌లో దిగేసరికి ఒక చెయ్యి పూర్తిగా ఊడి వచ్చింది, రెండోది సగంలో ఉంది.