ఫేక్ ఎక్స్‌పీరియన్స్ పెట్టకుండా సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగం: నా అనుభవం

నిన్న సాయంత్రం బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్, అంటే నేనిచ్చిన వివరాలు నిజమో కాదో కంపెనీ చేయించే తనిఖీ, క్లియర్ అయిందని మెయిల్ వచ్చింది. సోమవారం చెన్నైలో జాయినింగ్. నా రెజ్యూమెలో ఒక్క అబద్ధం కూడా లేదు. ఆ మాట గట్టిగా చెప్పుకోవాలనే ఇది రాస్తున్నా. ఈ ఏడాది నాతో మాట్లాడినవాళ్లలో చాలామంది అలా అయితే ఉద్యోగం రాదనే చెప్పారు మరి.

మాది నెల్లూరు దగ్గర ఇందుకూరుపేట మండలం. బీటెక్ సీఎస్ఈ చదివా. ఆఖరి సెమిస్టర్ పరీక్షలు అవుతూనే నాయనకు గుండె ఆపరేషన్ జరిగింది. అప్పటికి లీజుకు తీసుకున్న రొయ్యల గుంటలు నడి పంటలో ఉన్నాయి. నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్లు ఆగితే తెల్లారేసరికి సరుకంతా పోతుంది, ఎవరో ఒకరికి అప్పజెప్పి వచ్చేసే పని కాదు. నేనే దిగా. ఒక్క పంట చూసి వెళ్లిపోదామనుకుంటే రెండేళ్లు దాటింది. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకం 50 శాతం చేశాక రొయ్య ధర పడిపోయింది. ఇంక లీజు పొడిగించొద్దని నాయనే అన్నాడు. మళ్లీ ల్యాప్‌టాప్ ముందు కూర్చున్నా.

ముందు కలిసింది ఉద్యోగాలు ఇప్పిస్తామనే కన్సల్టెన్సీ వాళ్లనే. హైదరాబాద్‌లో అమీర్‌పేట చుట్టుపక్కల ఇలాంటి ఆఫీసులు ఎన్ని ఉన్నాయో అక్కడ కోర్సు చేసిన ప్రతి ఒక్కరికీ తెలుసు. పేర్లు రాయను. "గ్యాప్ ఉన్న ఫ్రెషర్‌ని ఎవరూ పిలవరు తమ్ముడూ, మూడేళ్ల ఎక్స్‌పీరియన్స్ పెట్టేద్దాం" అన్నాడు ఒకాయన, కాఫీలో చక్కెర ఎంత వెయ్యమంటావని అడిగినంత మామూలుగా. ఆఫర్ లెటర్, పే స్లిప్పులు, రిలీవింగ్ లెటర్, ఎవరైనా ఫోన్ చేస్తే "అవును, మా దగ్గర చేశాడు" అని చెప్పే మనిషి, అన్నీ వాళ్లే చూస్తారట. డబ్బు సగం ముందు, సగం ఉద్యోగం వచ్చాక.

నేనడిగింది ఒక్కటే, పీఎఫ్ సంగతేంటని. పీఎఫ్ ఉన్న ఉద్యోగంలో చేరితే 12 అంకెల యూఏఎన్ వస్తుంది. ఏ సంస్థలో ఎప్పుడు చేరాం, ఎప్పుడు మానేశాం అన్నది ఆ నంబర్ కింద సర్వీస్ హిస్టరీలో కనిపిస్తుంది. 20 మందికి తగ్గకుండా పనిచేసే సంస్థలు పీఎఫ్ చట్టం కిందికి వస్తాయి. "చిన్న కంపెనీ, పీఎఫ్ లేదని చెప్పు" అన్నాడు. మరి జీతం పడినట్టు బ్యాంకు స్టేట్‌మెంట్ అడిగితే? అదీ తయారు చేస్తారట. జీతంలో కోసిన పన్ను (టీడీఎస్) కట్టారా లేదా అని, అది కనిపించే ఫారం 26ఏఎస్ అడిగితే? "అంతదూరం ఎవరూ చూడరు." ఎదుటివాళ్లు చూడరన్న ధైర్యం మీద నా జీవితం నిలబెట్టమంటున్నాడు. పట్టుబడితే ఇంటికొచ్చేది నేను. ఆయన ఆఫీసు బోర్డు అక్కడే ఉంటుంది.

ఇంట్లోవాళ్ల ఒత్తిడి ఇంకోరకం. "అందరూ పెట్టుకుంటున్నారంట గదా, నీకొక్కడికే ఏం పట్టింది?" అని బాబాయ్. నాయన ఏమీ అనలేదు గానీ, ఆ డబ్బు ఎక్కడ దొరుకుతుందా అని లోలోపల వెతుకుతున్నాడని నాకు తెలుసు. వద్దని చెప్పేశా. ఒక్క అబద్ధం పెడితే ఆ మూడేళ్ల గురించి ఎవరేం అడిగినా మళ్లీ మళ్లీ కల్పించి చెప్పాలి. చేరాక పక్క సీటులోవాడితో కూడా జాగ్రత్తగా మాట్లాడాలి. అలా బతకడం నావల్ల కాదు.

చదువు సంగతి పెద్దగా చెప్పేదేం లేదు. జావా ఫుల్ స్టాక్, డేటా సైన్స్, క్లౌడ్ అని యూట్యూబ్ చూపించేవన్నీ పక్కన పెట్టి టెస్టింగ్ ఒక్కటే పట్టుకున్నా. చేత్తో ఒక్కొక్కటీ నొక్కి చూసే మాన్యువల్ టెస్టింగ్, డేటాబేస్‌లో వెతకడానికి ఎస్‌క్యూఎల్, సాఫ్ట్‌వేర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే ఏపీఐలను పరీక్షించడానికి పోస్ట్‌మన్ అనే టూల్. టెస్టింగ్‌లో సర్టిఫికెట్ ఇచ్చే ఐఎస్‌టీక్యూబీ ఫౌండేషన్ పరీక్ష రాశా. 40 ప్రశ్నలు, 26 సరైతే పాస్. పాసయ్యా. తెల్లవారుజామున లేచే అలవాటు గుంటల దగ్గరే అయింది కాబట్టి ఆ టైమంతా చదువుకే పెట్టా. ఫోన్ వంటింట్లో అమ్మ దగ్గర ఉండేది.

నన్ను కుదిపేసింది మాత్రం హైదరాబాద్‌లో ఒక కంపెనీ వాక్-ఇన్, నేరుగా వెళ్లి హాజరయ్యే ఇంటర్వ్యూ.

రాత్రి సింహపురి ఎక్స్‌ప్రెస్ ఎక్కి పొద్దున్నే దిగి, స్టేషన్లోనే మొహం కడుక్కుని వెళ్లా. రాతపరీక్షలో నెగ్గినవాళ్లందరినీ ఒకే హాల్లో కూర్చోబెట్టారు. ఇంటర్వ్యూ టేబుళ్లూ ఆ హాల్లోనే. ఒక టేబుల్ దగ్గర మాట్లాడేది పక్క టేబుల్‌కి, వెనక కుర్చీల్లో ఉన్నవాళ్లకి వినబడుతుంది. నన్ను ఇంటర్వ్యూ చేసినాయన తెలుగువాడే. రెజ్యూమె తిరగేసి, "ఈ గ్యాప్‌లో ఏం చేశారు?" అన్నాడు.

"రొయ్యల సాగు చూసుకున్నా సార్. నాన్నగారికి ఆపరేషన్ అయింది."

"కొత్తగా ఉందే. ఇది ఏ కన్సల్టెన్సీ రాసిచ్చింది?"

"కన్సల్టెన్సీ కాదు సార్. నిజమే."

ఆయన కాగితం పక్కాయన వైపు తిప్పి, "నెల్లూరు నుంచి రొయ్యలూ, ఫేక్ రెజ్యూమెలూ రెండూ బాగానే ఎక్స్‌పోర్ట్ అవుతాయి" అన్నాడు. పక్కాయన నవ్వాడు. వెనక కుర్చీల్లోనూ నవ్వారు. నా చెవులు మండిపోయాయి. ఆ ఉద్యోగం కోసం వచ్చిన ఆ కుర్చీల్లోవాళ్లు ఏం చూసి నవ్వారో నాకిప్పటికీ అర్థం కాదు.

అక్కణ్నుంచి 'మీరు' పోయి 'నువ్వు' వచ్చింది. "సరే, నిజమే అంటున్నావుగా, కౌంట్ అంటే ఏంటో చెప్పు." కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయో అదే కౌంట్ అని చెప్పా. విసురు వల వేసి పట్టి, తూచి, లెక్కపెట్టి ఎలా తీస్తామో చెప్పా. మేత ఎంత వెయ్యాలో ఎలా తెలుస్తుందన్నాడు. మేత వేసి గుంటలో దించే చెక్ ట్రేలో మేత మిగిలిందా, ఎంతసేపటికి ఖాళీ అయింది అన్నది చూసి పెంచుతాం, తగ్గిస్తాం అన్నా. ఆయన వాటిని తప్పు పట్టలేకపోయాడు. అప్పుడు, "బాగానే బట్టీ పట్టావు. ఇదంతా టెస్టింగ్‌కి ఏం పనికొస్తుంది?" అన్నాడు.

ఇక్కడ నేను తగ్గలేదు, ఈ విషయం చెప్పుకోవడానికి నాకు మొహమాటం లేదు. టేబుల్ మీదున్న తెల్లకాగితం తీసుకుని టెస్ట్ కేసులు, అంటే ఏం కొడితే ఏం రావాలో, రాయడం మొదలుపెట్టా. మా గుంటల లెక్కలకు నేనొక ఎక్సెల్ షీట్ నడిపా. అందులో కౌంట్ కొడితే ఒక్కో రొయ్య సగటు బరువు వస్తుంది, వెయ్యిని కౌంట్‌తో భాగిస్తే గ్రాములు. 50 కౌంట్ అంటే 20 గ్రాములు. ఆ గడి ఖాళీగా వదిలితే ఏం కావాలి? సున్నా కొడితే భాగహారం జరగదు, అప్పుడు ఏం చూపించాలి? మైనస్ పెడితే? వేలు జారి 50 బదులు 500 కొడితే సగటు 2 గ్రాములు చూపిస్తుంది. ఎక్సెల్ లెక్క ప్రకారం తప్పేం లేదు, కానీ అది నమ్మి మేత తగ్గిస్తే పంట దెబ్బతింటుంది. కాబట్టి ముందు వారం కౌంట్‌తో పోల్చి, మరీ తేడా ఉంటే ఆగి అడగాలి. సీడ్ (రొయ్య పిల్లలు) వదిలిన తేదీ కంటే ముందు తేదీకి మేత ఎంట్రీ పడకూడదు. ఒక పేజీ నిండింది.

ఆయన ఫోన్ చూసుకుంటున్నాడు. తలెత్తి కాగితం వైపు ఒకసారి చూసి, "మంచిది. రొయ్యలే చూసుకో, అందులో డబ్బులెక్కువ" అన్నాడు. అంతే. రెండ్రోజుల తర్వాత సారీ అని మెయిల్.

మెట్లు దిగుతుంటే ఒకబ్బాయి పక్కకొచ్చి, తను మూడేళ్లు పెట్టుకున్నానని, తర్వాతి రౌండ్‌కి రమ్మన్నారని చెప్పాడు. "నువ్వు అమాయకుడివి అన్నా" అన్నాడు. తిరుగు ప్రయాణంలో బెర్త్ మీద పడుకున్నానే గానీ కన్ను మూతపడలేదు. నిజం చెప్పిన నా మాట అబద్ధమైంది, అబద్ధం పెట్టుకున్నవాడిది నిజమైంది.

ఆ ఇంటర్వ్యూ చేసినాయన అనుమానానికి కారణం లేకపోలేదు. రోజూ దొంగ లెటర్లు చూసేవాడికి ఎవరిని చూసినా దొంగలాగే కనిపిస్తాడు. ఫేక్ పెట్టుకునేవాళ్లు ఎవరికీ నష్టం చెయ్యడం లేదనుకుంటారు. నష్టం ఇదిగో, ఇలా నాలాంటివాడి నెత్తిన పడుతుంది. ఆపరేషన్ అయిన నాయన కోసం ఆగినవాడు, కాన్పు తర్వాత మళ్లీ ఉద్యోగం వెతుక్కునే ఆడపిల్ల, తమ్ముడి చదువు కోసం దుకాణంలో కూర్చున్నవాడు, అందరి గ్యాపూ అనుమానపు గ్యాపే అయింది. అయినా నలుగురిలో ఒక మనిషిని అలా తీసిపారేసే హక్కు ఆయనకు ఎవరిచ్చారు? అనుమానం ఉంటే వెరిఫై చేసుకోవాలి. ఊరి పేరు పెట్టి నవ్వడం వెరిఫికేషన్ కాదు.

ఇంటికొచ్చి చేసిన పని ఒక్కటే. రెజ్యూమెలో గ్యాప్‌ని కింద ఎక్కడో ఒక మూల కాకుండా పైకి తెచ్చా. కుటుంబ రొయ్యల సాగు నిర్వహణ, ఏ నెల నుంచి ఏ నెల వరకు, మేత, కౌంట్, దిగుబడి లెక్కల షీట్ తయారీ అని సూటిగా రాశా. ఆ హాల్లో రాసిన టెస్ట్ కేసుల్ని సరిగ్గా పట్టికలో పెట్టి, రెజ్యూమెకి జత చేసి పంపడం మొదలుపెట్టా. కన్సల్టెన్సీల జోలికి పోకుండా కంపెనీల సొంత కెరీర్స్ పేజీల్లోనే అప్లై చేశా.

చెన్నై నుంచి పిలుపొచ్చింది. ఇంటర్వ్యూ చేసినావిడ తమిళావిడ. నా ఇంగ్లిష్ గొప్పదేం కాదు, చిన్న చిన్న వాక్యాల్లో నెమ్మదిగా చెప్పా. ఆవిడ ఆ పట్టిక ముందు పెట్టుకుని, షీట్‌లో పడిన లెక్క నిజమో కాదో మీకెలా తెలిసేది అని అడిగింది. గుంట మీద నాయన రాసుకునే మేత పుస్తకంతో రోజూ సరిచూసేవాణ్నని, తేడా వస్తే చెక్ ట్రే దగ్గరికే వెళ్లి చూసేవాణ్నని చెప్పా. తర్వాత రెండు పట్టికల్ని కలిపే ఎస్‌క్యూఎల్ జాయిన్ ఒకటి రాయమంది, రాశా. ఆఫర్ వచ్చింది.

వెరిఫికేషన్‌లో పీసీ (ప్రొవిజనల్ సర్టిఫికెట్), సీఎంఎం (అన్ని సెమిస్టర్ల మార్కుల మెమో), ఓడీ (ఒరిజినల్ డిగ్రీ) కాపీలు అడిగారు. గ్యాప్‌కి స్టాంప్ పేపర్ మీద నోటరీ అఫిడవిట్, ఆధారాలు అడిగారు. లీజు అగ్రిమెంట్, మేత బిల్లులు పంపా. వాళ్లు మేత కొట్టు ఆయనకు ఫోన్ చేస్తే, నేను ఏ నెలలో ఎంత అప్పు పెట్టానో, ఎప్పుడు తీర్చానో అంతా చెప్పాడట. ఆ మేలు మర్చిపోను. అడ్రస్ చూడ్డానికి వచ్చినాయనకు మా వీధిలో డోర్ నంబర్లు వరసగా లేక దారి తెలియకపోతే రామాలయం దగ్గరికి మా అమ్మే వెళ్లి తీసుకొచ్చింది.

గ్యాప్ ఉన్నవాళ్లు ఇప్పటినుంచే ఆధారాలు దాచుకోండి. ఆసుపత్రి డిశ్చార్జ్ సమ్మరీ, బిల్లులు, అగ్రిమెంట్లు, ఏవైనా సరే. ట్రైనింగ్ ఇన్‌స్టిట్యూట్ల మీద నాకు కోపం ఉంది గానీ, కోర్సు మాత్రమే చెప్పి పంపేవాళ్లూ ఉన్నారు, వాళ్ల దగ్గర నేర్చుకోండి. మీ కాగితాలు వాళ్లే రాస్తామన్న రోజున బయటికి వచ్చేయండి. ఒరిజినల్ సర్టిఫికెట్లు ఏ కన్సల్టెన్సీకీ ఇవ్వొద్దు. మా బ్యాచ్‌లో ఒకడు ఇచ్చేసి, వాళ్లు అడిగిన మిగతా సగం డబ్బు కట్టేదాకా తన డిగ్రీ తను తెచ్చుకోలేకపోయాడు.

ఆదివారం పినాకిని ఎక్స్‌ప్రెస్‌కి టికెట్ తీసుకున్నా. ఆ టెస్ట్ కేసుల పట్టిక ఎవరికైనా నమూనాగా కావాలంటే అడగండి, పంపిస్తా.