వేషం విప్పేదాకా 1921

ఆదివారం రాత్రి, పది దాటింది. కాళ్ళు పీకుతున్నాయి. అయినా ఇవాళ్టిది ఇవాళే రాసుకోవాలి.

పొద్దున నాలుగున్నరకే లేచి పాటూరు చీరకు కుచ్చిళ్ళు పెట్టాను. నాకు కాదు, తొమ్మిదో తరగతి చదివే మా అమ్మాయికి. సాయంత్రం దాకా అది పొణకా కనకమ్మ, మా నెల్లూరు స్వాతంత్ర్య సమరయోధురాలు. "నేసింది చేత్తోనే గానీ నూలు మిల్లుదే కదమ్మా, ఆవిడైతే కట్టుకునేవారా?" అని అడిగింది. నోట్లో పిన్నీసులు పెట్టుకున్న మనిషిని అడగాల్సిన ప్రశ్నా అది!

ఇదంతా వాళ్ళ సోషల్ సారు పెట్టిన పని. నెల్లూరు దగ్గర పల్లిపాడులో ఉన్న పినాకినీ సత్యాగ్రహ ఆశ్రమం చూడటానికి వచ్చినవాళ్ళకు ఎవరో గైడు అప్పజెప్పినట్టు కాకుండా, అప్పటి మనుషులే ఎదురొచ్చి ఇల్లంతా తిప్పి చూపించాలట. ఎనిమిది మంది పిల్లలు, ఎనిమిది వేషాలు. నియమం ఒక్కటే. గాంధీగారు ఆశ్రమం ప్రారంభించింది 1921 ఏప్రిల్ 7న. వేషంలో ఉన్నంతసేపు ఆ తర్వాత జరిగిందేదీ వీళ్ళకు తెలియకూడదు.

మా చిన్నప్పుడు ఊళ్ళోకి పగటి వేషాల వాళ్ళు వచ్చేవాళ్ళు. రోజుకో వేషం, చివరి రోజు ఇంటింటికీ వచ్చి సంభావన. వాళ్ళకు తెలియంది ఉండేది కాదు, ఊళ్ళో ఎవరు ఎవరికి బాకీనో కూడా మాటల్లో కలిపేసేవాళ్ళు. ఈ పిల్లల పని దానికి తలకిందులు. తెలిసింది దాచాలి.

ఇంట్లో మిషన్ ఉంది కాబట్టి బట్టలన్నీ నా మీదే పడ్డాయి. అసలు గొడవ గాంధీతోనే. ఆ పిల్లాడు కొల్లాయి, చేతికర్ర, గుండు తొడుగు అన్నీ ముందే సిద్ధం చేసుకున్నాడు. సారు వద్దన్నారు. గాంధీ కొల్లాయి కట్టింది 1921 సెప్టెంబరులో, మదురైలో. పల్లిపాడు వచ్చినప్పుడు ఇంకా ధోవతి, చొక్కా, తెల్ల టోపీయే. సరేనని రాత్రికి రాత్రే టోపీ కుట్టిచ్చాను. పిల్లాడికి ఏడుపొక్కటే తక్కువ. "ఆంటీ, ఇట్టా ఉంటే నన్నెవరు గాంధీ అనుకుంటారు?"

వాడన్నంతా అయింది. పది గంటలకు వచ్చిన మొదటి గుంపులో ఒక బుడ్డోడు చుట్టూ చూసి "గాంధీ యాడుండాడు?" అన్నాడు. "నేనే నాయనా." "నువ్వు కాదు, నువ్వు నెహ్రూవి." వీడు తడుముకోలేదు. "నెహ్రూ అలహాబాదులో ఉండాడు. నేను బెజవాడ సభ నుంచి వస్తా ఉండా. దేశమంతా ఇరవై లక్షల రాట్నాలు తిప్పాలని తీర్మానం చేసినాం. నువ్వు తిప్పతావా?" అని వాణ్ణి రాట్నం ముందు కూర్చోబెట్టాడు. నెల్లూరు యాసలో మాట్లాడే గాంధీ! నాకు నవ్వాగలేదు. ఏకు లాగినప్పుడల్లా దారం తెగుతూనే ఉంది, ఆ బుడ్డోడు మాత్రం లేవలేదు. వాళ్ళమ్మ వచ్చి రెక్క పట్టుకుని తీసుకెళ్ళాల్సి వచ్చింది.

ఈ గాంధీ పక్కన ఇంకొకడు పారశీ టోపీ పెట్టుకుని రుస్తుంజీ అయ్యాడు. దక్షిణాఫ్రికాలో గాంధీకి స్నేహితుడు, ఈ ఇల్లు కట్టడానికి పదివేలు ఇచ్చిన మనిషి. చెప్పాల్సింది రెండు నిమిషాల్లో చెప్పేసి మిగతా టైమంతా నీడ వెతుక్కున్నాడు.

మా అమ్మాయిది పొడుగు పాఠం. ముందు విప్లవకారుల కోసమని కొన్న పొలాన్నే తర్వాత ఆశ్రమానికి ఇచ్చానని చెప్పాలి. చేతులు తిప్పుతూ చెబుతుంటే గోళ్ళకు గులాబీ రంగు మెరిసింది. వాచీ తీయించాను, ముక్కుపుడక మార్పించాను, అదొక్కటి మర్చిపోయాను. ఎవరూ గమనించలేదులే.

మధ్యాహ్నం ఒక పెద్దాయన ఏడిపించడానికే అడిగారు. "స్వరాజ్యం ఎప్పుడొస్తుందమ్మా?" "ఏడాదిలో. గాంధీగారు మాటిచ్చారు." అందరూ పక్కున నవ్వారు. దాని మొహం ఎర్రబడింది. నటన కాదది, కోపం నాకు తెలీదా! "నవ్వుతారేంది? చూస్తా ఉండండి" అనేసింది. నా తలలో ఇరవై ఆరేళ్ళ లెక్క తిరుగుతోంది. నేను పెన్న వైపు చూస్తూ నిలబడ్డాను.

మూడు దాటాక అరవై దాటిన ఒకావిడ వచ్చింది. పాఠమంతా ఓపిగ్గా విని, చివర్లో దాని చెయ్యి పట్టుకుంది. "నేను మీ బళ్ళోనే చదివానమ్మా. కస్తూరిదేవి విద్యాలయంలో."

కనకమ్మగారు నెల్లూరులో ఆ బడి పెట్టింది 1923లో. దాని భవనానికి గాంధీ వచ్చి శంకుస్థాపన చేసింది 1929లో. ఈ రెండూ మా అమ్మాయికి కంఠతా వచ్చు, రాత్రి నాకే అప్పజెప్పింది. ఇప్పుడేమో చెప్పకూడదు. స్తంభం వెనక నాకు టెన్షన్. సారు వైపు చూస్తే ఆయనా ఊపిరి బిగబట్టి ఉన్నారు.

అది కాసేపు ఆవిడ మొహంలోకే చూసి, "నేనింకా ఏ బడీ పెట్టలేదమ్మా. పెడితే ఆడపిల్లలకు ఏం నేర్పమంటారు?" అంది.

ఇది ఎవరూ రాసివ్వని మాట. ఆవిడ నవ్వలేదు. నిజంగానే ఆలోచించింది. "సైకిలు నేర్పించు తల్లీ. మా ఇంట్లో నన్ను ఎక్కనివ్వలేదు" అని చెప్పి, చెయ్యి వదలకుండా చాలాసేపు అట్లాగే నిలబడింది. వెనకాల వాళ్ళు లైన్లో ఉన్నారని కూడా చూసుకోలేదు.

ఇంటికొచ్చేటప్పుడు ఆటోలో "సైకిలు సంగతి రాసి పెట్టు అమ్మా, మర్చిపోతాను" అంది. చీర విప్పకుండానే మంచం మీద వాలిపోయింది. నేను పన్నెండు పిన్నీసులు ఇచ్చాను, తొమ్మిదే తిరిగొచ్చాయి. వద్దు వద్దని ఏడ్చిన ఆ తెల్ల టోపీని మాత్రం గాంధీ ఇవ్వకుండా ఇంటికి పెట్టుకెళ్ళాడు.