ప్రపోజిషన్ 4, మా మామగారి వడ్డీ లెక్క

అమెరికా సిటిజన్‌షిప్ వచ్చాక 2024 నవంబర్‌లో నేను మొదటిసారి ఓటేశాను. ప్రెసిడెంట్ ఓటుకి పెద్ద ఆలోచనేం లేదు, తల తిరిగింది ప్రపోజిషన్ల దగ్గరే, అంటే చట్టాల మీదా అప్పుల మీదా జనాన్నే నేరుగా అడిగే ప్రశ్నలు. కాలిఫోర్నియాలో ఆసారి అవి పది. ముందు లావుపాటి ఓటరు గైడ్ వస్తుంది, తర్వాత బ్యాలెట్ కూడా పోస్టులో ఇంటికే వస్తుంది, ఒక్కోదానికీ అవునో కాదో నింపుకుంటూ పోవాలి.

అప్పుడు మామగారు గుంటూరు నుంచి వచ్చి మా దగ్గరే ఉన్నారు. బ్యాంకులో చేసి రిటైరైన మనిషి. గైడ్ తిరగేస్తూ, నీళ్ల పనులకీ అడవి మంటల నివారణకీ పార్కులకీ రాష్ట్రం అప్పు చేయాలా అని అడిగే ప్రపోజిషన్ 4 దగ్గర ఆగిపోయారు. "వెయ్యి కోట్ల డాలర్ల అప్పు చేయమంటారా అని జనాన్నే అడుగుతున్నారా! సరే అమ్మా, కట్టేదెవరు?"

అదీ అందులోనే ఉంది: ఏటా సుమారు 40 కోట్ల డాలర్లు, 40 ఏళ్లు, రాష్ట్ర ఖజానా నుంచి. ఆయన పెన్సిల్‌తో మార్జిన్‌లో అసలు 1000, కట్టేది 1600 అని వేసి, కింద రెండు గీతలు గీసి నా ముందుకు తోశారు.

ఇలాంటి అప్పుల్నే ఇక్కడ బాండ్లంటారు. మా ప్రాపర్టీ టాక్స్ మీద పడేది ఈ రాష్ట్ర బాండ్ కాదు, లోకల్ బాండ్లు. మా సన్నీవేల్ వైపు కొండల్ని చూసుకునే ప్రభుత్వ సంస్థ మిడ్‌పెనిన్సులా ఓపెన్ స్పేస్ డిస్ట్రిక్ట్ 2014లో మెజర్ ఏఏ అనే లోకల్ బాండ్‌ని ఓటుకి పెట్టి 30 కోట్ల డాలర్లకి అనుమతి తెచ్చుకుంది, ఇంటి విలువలో ప్రతి లక్షకీ ఏడాదికి 3.18 డాలర్లు మించకూడదని షరతు. దానికి మూడింట రెండొంతుల ఓట్లు కావాలి, రాష్ట్ర బాండ్‌కైతే సగం దాటితే చాలు. ఒకప్పుడు ఎయిర్‌ఫోర్స్ రాడార్ స్టేషన్ ఉన్న మౌంట్ ఉమునమ్ శిఖరం 2017లో జనానికి తెరుచుకుందంటే అందులో ఆ డబ్బూ ఉంది. మేం పిల్లల్ని తీసుకుని వెళ్తుంటాం, పైన గాలి మాత్రం మామూలుగా ఉండదు, స్వెట్టర్ లేకుండా వెళ్లొద్దు.

ప్రపోజిషన్ 4లో పార్కుల వాటా చూస్తే నీరసం వచ్చింది, మొత్తం వెయ్యి కోట్లలో 70 కోట్లే. 380 కోట్లు నీళ్ల పనులకి, 150 కోట్లు అడవి మంటల నివారణకి, భూముల్నీ వన్యప్రాణుల్నీ కాపాడ్డానికి 120 కోట్లు. అన్నీ ఒకే మూటలో కట్టి అవునా కాదా అంటారు, ఇది ఉంచి అది తీసేయండి అనడానికి లేదు. అప్పు చేసి పప్పుకూడు తినడమేగా అన్నారు మామగారు. కానీ పప్పుకూడు మళ్లీ వండుకోవచ్చు, ఈ చుట్టుపక్కల కొండ మీద ఒకసారి ఇళ్లు లేచాక ఎన్ని కోట్లు పోసినా అది మళ్లీ కొండ అవుతుందా? అవును దగ్గరే నింపాను.

కవర్ మీద సంతకం దగ్గర మాత్రం టెన్షన్. రికార్డులో ఉన్నదానితో పోల్చి చూస్తారు, నాదేమో బ్యాంకులో ఒకలా, కొరియర్ వాడి దగ్గర ఒకలా ఉంటుంది. డ్రైవింగ్ లైసెన్సు పక్కన పెట్టుకుని నిదానంగా చేసి, లైబ్రరీ బయటున్న డ్రాప్ బాక్సులో వేశాను. ఓటు లెక్కలోకి తీసుకున్నామని మెసేజ్ వచ్చింది.

ఇక్కడ లెక్కింపు వారాల తరబడి సాగుతుంది. చివరికి దాదాపు 60 శాతంతో 4 నెగ్గింది. ఇళ్లకీ మౌలిక వసతులకీ పెట్టే లోకల్ బాండ్లకి మూడింట రెండొంతులు అక్కర్లేదు, 55 శాతం చాలని అడిగిన ప్రపోజిషన్ 5 మాత్రం ఓడిపోయింది. మామగారికి నచ్చిన ఫలితం అదొక్కటే.