పద్నాలుగు గడులు

మాకు జీవశాస్త్రం చెప్పిన మాష్టారిని ప్రజారోగ్య సలహా మండలిలో సభ్యునిగా నియమించారన్న కబురు వినగానే, ఒడిశాలోని పర్లాకిమిడిలో ఆయన దగ్గర చదువుకున్న మా జట్టుకు ముందుగా గుర్తుకు వచ్చినవి తరగతి గోడమీద సుద్దతో గీసిన పద్నాలుగు గడులు. వాటిని గీయించిన ఘనత నాదే.

తొమ్మిదో తరగతిలో నాకు వైవాక్స్ మలేరియా వచ్చింది. ఆసుపత్రిలో మూడు రోజుల మాత్రలు, వాటితోపాటు 14 రోజులు వేసుకోవలసినవి మరికొన్ని ఇచ్చి, వాడే పద్ధతి ఒడియాలో చెప్పారు. అమ్మ అర్థమైనట్టే తల ఊపింది. నాలుగో రోజుకు ఒళ్లు చల్లబడగానే, "జొరం తగ్గిపోనాది కదా బాబూ, ఇంకెందుకవి" అని మిగిలినవి గూట్లో పెట్టేసింది. రెండు నెలలకు మళ్లీ అదే చలి, అదే వణుకు.

మాష్టారు కోప్పడలేదు. రక్తంలోని క్రిములు చచ్చినా కొన్ని కాలేయంలో నిద్రపోతూ ఉంటాయనీ, వాటిని చంపేది ఆ 14 రోజుల మాత్ర, ప్రిమాక్విన్ అనీ అమ్మను బడికి పిలిపించి తెలుగులో చెప్పారు. రెండోసారి మందులు తెచ్చుకున్నాక, రోజూ ప్రార్థన అయిన వెంటనే "ఏమైనా తిన్నావా?" అని అడిగి, తన ఎదుటే మాత్ర మింగించి, ఒక గడి కొట్టించేవారు. ఆదివారాలు ఆ తతంగం ఆయన ఇంటి అరుగుమీద జరిగేది.

1897 ఆగస్టు 20న రొనాల్డ్ రాస్ సికింద్రాబాదులో దోమ కడుపులో మలేరియా క్రిమిని కనుగొన్నాడు కనుక, ఏటా ఆ తేదీన మా పాఠం చెరువు గట్టున ఉండేది. తెల్లని పళ్లెంలో నీళ్లు ముంచి, నీటి మట్టానికి సమాంతరంగా పడుకున్న పిల్లపురుగు మలేరియాను మోసే అనాఫిలిస్ దోమదనీ, తలకిందులుగా ఏటవాలుగా వేలాడేది క్యూలెక్స్‌దనీ చూపించేవారు. పరీక్షలో ఆ ప్రశ్న ఒక్కసారీ రాలేదు. నేను మరచిపోనిది మాత్రం అదే.

2017లో ఒడిశా ప్రభుత్వం మారుమూల ప్రాంతాల కోసం మొదలుపెట్టిన 'దమన్' అనే మలేరియా నివారణ కార్యక్రమంలో జ్వరం లేనివారికి కూడా రక్తపరీక్ష చేస్తారు. ఒంట్లో బాగానే ఉన్న మనిషిని సూదిపోటుకు ఒప్పించాలంటే అతని మాటలోనే చెప్పాలి. మా గజపతి జిల్లాలో ఆ మాట ఒడియా కావచ్చు, తెలుగు కావచ్చు, కొండమీద సవర కావచ్చు. గిడుగు రామమూర్తి పంతులు సవర నేర్చుకున్న ఊళ్లో ఈ సంగతి ఒకరు చెప్పవలసిన పని లేదు గాని, సలహాలిచ్చే చోట దీన్ని గుర్తుచేసేవారు ఒక్కరైనా ఉండాలి. ఈ నియామకం నాకు సబబుగా తోచింది అందుకే.

అభినందించడానికి ఫోను చేస్తే, ఆయన మండలి ఊసెత్తకుండా అమ్మ రక్తపోటు మాత్రల గురించి అడిగారు. వేసుకుంటోందన్నాను. "అట్ట తీసి లెక్కపెట్టు నాయనా" అన్నారు. ఫోను చెవి దగ్గరే పెట్టుకుని లెక్కపెట్టాను. ఎనిమిది ఉండవలసిన చోట పదకొండు ఉన్నాయి.