చిన్న సంఘంలో ప్రభు బల్ల

ప్రభు బల్ల అంటే సంఘమంతా రొట్టె, ద్రాక్షరసం పంచుకునే ఆరాధన. 1947లో ఏర్పడిన సి.ఎస్.ఐ. (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) ఆరాధన క్రమంలో సమాధానం, అంటే శాంతి, ఒకరికొకరు అందించుకోవడం ఎంతో అందమైన ఘట్టం. ప్రెస్బిటర్ (పాస్టర్) బల్ల దగ్గర మొదలుపెడితే, ఒకరి రెండు అరచేతుల మధ్య ఇంకొకరి అరచెయ్యి ఉంచుతూ చివరి వరస దాకా వెళ్ళాలి. ఆడవాళ్ళొక పక్క, మగవాళ్ళొక పక్క చాపల మీద కూర్చునే చోట అది నడవ దగ్గరే ఆగిపోతుంది. రెండు పక్కలకూ ఒక్కొక్కరిని పంపండి.

ద్రాక్షరసం 40 మందికి తలా 15 మి.లీ. చొప్పున 600 మి.లీ. కావాలి, 750 చేసుకోండి. ఎండుద్రాక్ష నానబెట్టి, మరిగించి, పల్చటి గుడ్డలో వడగట్టాలి. రాత్రంతా బయట ఉంచితే పులుస్తుంది. ఫ్రిజ్ లేకపోతే ఆదివారం తెల్లవారుజామునే కాచుకోవడం మేలు.

అందరూ కలిసి తినే ప్రేమవిందుకు 5 కిలోల బియ్యం, కిలోంపావు కందిపప్పు చాలు. అసలు చూడాల్సింది గరిటె ఎవరి చేతిలో ఉందన్నది. 2013లో పుష్పలలిత గారు సి.ఎస్.ఐ. తొలి మహిళా బిషప్ అయ్యారు, అయినా ఆడవాళ్ళను వంటగదికే పరిమితం చేసే సంఘాలున్నాయి. వడ్డించేవాళ్ళ వంతుల్లో కమిటీ పెద్దల పేర్లే ముందు రాయండి.