నాలుగో వైపు చివరి భాగం

ఆదివారం, రాత్రి పదిన్నర.

పొద్దున్న లేచేటప్పటికి ఈ రోజు గురించి డైరీలో రాసుకోవలసింది ఏమైనా ఉంటుందని నేననుకోలేదు. అల్మారాలోని రికార్డులన్నీ దించి, దుమ్ము దులిపి, మళ్లీ సర్దుకోవాలన్నదొక్కటే నేను పెట్టుకున్న పని. అది సగంలో ఉండగా ఫ్రెంచ్ ఎలక్ట్రానిక్ సంగీతకారుడు జాన్ మిషెల్ జార్ 1982లో వెలువరించిన కచేరీ ఆల్బమ్ ‘ద కాన్సర్ట్స్ ఇన్ చైనా’ చేతికి తగిలింది. రెండు ఎల్పీలు, నాలుగు వైపులు. అట్ట అంచులు నలిగాయి కానీ లోపలి రికార్డులు బాగానే ఉన్నాయి. దులపడం అక్కడితో ఆగిపోయింది. తక్కిన రికార్డులు ఇప్పటికీ నేల మీదే ఉన్నాయి.

మధ్యాహ్నం మాస్టారు, నా పాత మిత్రుడు, అతని కూతురు వచ్చారు. మాస్టారు మాకంటే పదిహేనేళ్లు పెద్దవారు; రికార్డింగ్ స్టూడియోలో మిక్సింగ్ బల్ల ముందు ఉద్యోగ జీవితమంతా గడిపినవారు. అమ్మాయి లాప్‌టాప్ మీద సొంతంగా సంగీతం చేస్తుంది. ముగ్గురూ జార్ అభిమానులే, అయినా ఏ ఇద్దరికీ ఒకే రికార్డు నచ్చదు. నా మిత్రుడికి అమెరికాలోని హూస్టన్ కచేరీ ముందు తక్కినవన్నీ దిగదుడుపే. 1986 ఏప్రిల్ 5న నగరం నడిబొడ్డున ఆకాశహర్మ్యాలనే తెరలుగా చేసుకుని, పదమూడు లక్షల మంది చూశారని చెప్పుకునే కచేరీ అది. అందులో శాక్సోఫోన్ భాగం వ్యోమగామి రాన్ మెక్‌నెయిర్‌ది కావలసింది; జనవరి 28న చాలెంజర్ వ్యోమనౌక ప్రమాదంలో ఆయన మరణించడంతో కర్క్ వేలమ్ ఆ భాగం వాయించాడు. ఈ సంగతి చెప్పిన ప్రతిసారీ మావాడి గొంతు మారుతుంది. ఈ రోజూ మారింది. అయితే టర్న్‌టేబుల్ మీద ఉన్నది చైనా రికార్డు కనుక మాట అటే మళ్లింది.

వాదన ఎప్పటిదే. ఈ ఆల్బమ్ చివర వచ్చే ‘సువనీర్ ఆఫ్ చైనా’ అసలు కచేరీలో వాయించినది కాదు, స్టూడియోలో చేసినది. కెమెరా షటర్ చప్పుడునే తాళంగా పట్టుకుని, నిదానంగా, కాస్త దిగులుగా సాగుతుంది. ఆల్బమ్ మొత్తంలో ఎక్కువమంది ప్రేమించేది దాన్నే కావడం మాస్టారికి గిట్టదు. “కచేరీ అని అట్ట మీద వేసి, లోపల ఇంట్లో వండినది పెడితే ఎలాగయ్యా?” అన్నారు ఆయన. ఆ మాటలో న్యాయం లేకపోలేదు. కానీ నాకెప్పుడూ ఆ భాగం మీద కోపం రాలేదు. జ్ఞాపిక అని పేరులోనే చెప్పుకున్నది కచేరీ నడుస్తున్న గంటలో పుట్టాలని పట్టుబట్టడం నా వల్ల కాదు. ప్రయాణం ముగిశాక, సంచీ విప్పుకున్నాక చేసుకునేదే కదా జ్ఞాపిక. నా ఫిర్యాదు వేరే. స్టూడియోలో చేసినదాన్ని స్టూడియోలో చేసినదిగానే వదిలేస్తే బాగుంటుంది. దాని పక్కన చప్పట్లు అతికించి, కచేరీలో పుట్టిందన్న భ్రమ కలిగించే రికార్డులు నాకు నచ్చవు. ఈ ఒక్క ఆల్బమ్ గురించే అనడం లేదు. ఆ కాలపు లైవ్ ఆల్బమ్‌లలో అతుకులు లేనివి తక్కువ.

అప్పుడు మిత్రుడు 2007 నాటి ‘ఆక్సిజెన్’ సంగతి ఎత్తాడు. 1976లో జార్ తన ఇంట్లోనే ఎనిమిది ట్రాకుల టేప్ రికార్డర్ మీద, ఒక్కో పొరా ఒక్కడే వాయించుకుంటూ పేర్చిన ఆల్బమ్ అది. ముప్ఫై ఏళ్ల తర్వాత ఆ ఆల్బమ్ మొత్తాన్ని పాత అనలాగ్ వాయిద్యాల మీదే, మరో ముగ్గురిని వెంటబెట్టుకుని, కెమెరాల ముందు తిరిగి వాయించాడు. ఎదురుగా ప్రేక్షకుడన్నవాడు లేడు. “ఇక్కడ అంతా చేతులతోనే వాయించారు కానీ చప్పట్లు కొట్టేవాడు లేడు. చైనా రికార్డులో చప్పట్లు ఉన్నాయి కానీ ఒక భాగం స్టూడియోది. ఇప్పుడు చెప్పు, ఈ రెండింటిలో ఏది లైవ్?” అని నన్ను నిలదీశాడు. నేను సమాధానం వెతుక్కునేలోపే మాస్టారు అందుకుని, ఆ ప్రశ్నే తప్పన్నారు. ఎలక్ట్రానిక్ సంగీతంలో ఎవరి చెయ్యి ఎంతవరకు పనిచేసిందన్నది ముందు తేల్చుకోవాలట.

ఆయన చెప్పినది రాసి పెట్టుకోవలసిన మాట. 1981 అక్టోబరులో జార్ చైనా వెళ్లి బీజింగ్‌లోనూ షాంఘైలోనూ కలిపి అయిదు కచేరీలు చేసేనాటికి మిడి అన్నది, అంటే ఎలక్ట్రానిక్ వాయిద్యాలను ఒకదానితో ఒకటి కలిపే పద్ధతి, ఇంకా బయటికి రాలేదు. రెండు వేర్వేరు కంపెనీల సింథసైజర్లు, అంటే కరెంటుతో ధ్వనిని పుట్టించే వాయిద్యాలు, ఒకే భాషలో మాట్లాడుకోగలవని జనం ముందు చూపించింది 1983 జనవరిలో. అంతకుముందు ఒక్కో యంత్రానిదీ ఒక్కో లోకం. సీక్వెన్సర్ కొన్ని స్వరాలను వరుసగా తిప్పుతుంది, నిజమే. కానీ ఆ వరుస ఎప్పుడు మారాలో, ధ్వని పదును తగ్గించే ఫిల్టర్ ఎంత తెరుచుకోవాలో, పై రాగం ఎక్కడ అందుకోవాలో మనిషే చూసుకోవాలి. అందుకే వేదిక మీద జార్‌తో పాటు ఫ్రెడెరిక్ రూసో, డొమినిక్ పెరియే కీబోర్డుల ముందు, రోజర్ రిజిటెల్లి డ్రమ్స్ ముందు ఉన్నారు. “ఒక్క మీట నొక్కి పక్కకు తప్పుకునే కాలం కాదది” అన్నారు మాస్టారు.

అమ్మాయికి నమ్మకం కుదరలేదు. యంత్రమన్నాక ఒకసారి అమర్చితే అలాగే ఉంటుంది కదా అంది. ఆమెకు చూపించడానికి మూలన ఉన్న నా పాత అనలాగ్ సింథసైజర్ మీది గుడ్డ తీసి, స్విచ్ వేశాను. దానికి జ్ఞాపకశక్తి లేదు. నిన్న కుదిరిన ధ్వని ఈ రోజు కావాలంటే ప్రతి నాబ్‌నూ మళ్లీ నిన్నటి చోటికి తిప్పుకోవలసిందే. ఆమె లాప్‌టాప్‌లో ఒక స్వరం మోగించింది, నేను దానితో సరిగ్గా శ్రుతి కలిపాను. రెండూ ఒక్కటై వినిపించాయి. పది నిమిషాలు మాటల్లో పడి మళ్లీ అదే మెట్టు నొక్కితే రెండు ధ్వనుల మధ్య ఒక అల లేచింది, మొదట నెమ్మదిగా, ఆ తర్వాత గబగబా. పెట్టె లోపల వేడి ఎక్కేకొద్దీ స్వరాన్ని పుట్టించే ఆసిలేటర్ శ్రుతి జారిపోతుందని మాస్టారు చెబుతుంటే ఆమె పెట్టె మీద అరచెయ్యి ఆనించి చూసింది. “బాబాయ్, ఇది నిజంగా వేడెక్కింది!” అని నవ్వింది. ఒక్క పెట్టెతోనే మాకు ఇంత తంటా అయితే, అటువంటివి వరుసగా పేర్చుకుని, వేల మంది ఊపిరితో వెచ్చబడిన హాలులో, దీపాల వేడిలో గంటన్నర సేపు నిలబడినవాళ్ల సంగతి ఏమిటో ఎవరికి వారు ఊహించుకోవచ్చు.

తీగలకు బదులు లేజర్ కిరణాలుండే జార్ వాయిద్యం లేజర్ హార్ప్ గురించి కూడా కాసేపు మాట్లాడుకున్నాం. పైకి లేచే కిరణాలకు గ్లవ్స్ తొడిగిన చెయ్యి అడ్డం పెడితే సెన్సర్ దాన్ని గుర్తించి స్వరం పలికిస్తుంది. తీగ అయితే గట్టిగా మీటినదీ మెల్లగా మీటినదీ వేరుగా పలుకుతుంది. కిరణానికి ఆ తేడా తెలియదు. చూడటానికి గొప్పగా ఉంటుంది, వినడానికి అంతగా ఉండదు. రికార్డులో అది వచ్చే చోట నేను ఎప్పుడూ అట్ట మీది ఫొటోలు చూస్తూ కూర్చుంటాను.

మూడో వైపు నడుస్తుండగా అమ్మాయి ఉన్నట్టుండి, “బాబాయ్, వీళ్లు ఇంత మెల్లగా చప్పట్లు కొడుతున్నారేం? నచ్చలేదా?” అని అడిగింది. ఇన్నేళ్లుగా వింటున్న మేం ముగ్గురం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. ముల్లు కింద ఏ చెయ్యి ఏ నాబ్ తిప్పిందో తర్కించుకుంటూ, ఎదురుగా కూర్చున్నవాళ్లను మేం పట్టించుకున్నదే తక్కువ.

నచ్చకపోవడం కాదు. మావో మరణం తర్వాత చైనాలో కచేరీ చేసిన తొలి పాశ్చాత్య పాప్ సంగీతకారుడు జార్. హాలులో కూర్చున్న వాళ్లలో చాలామందికి సింథసైజర్ అంటే ఏమిటో, ఈ ధ్వని ఏ పెట్టెలోంచి వస్తోందో, ఒక భాగం ఎక్కడ ముగుస్తుందో తెలియదు. తెలియని కచేరీలో ముందుగా ఎవరు చప్పట్లు మొదలుపెడతారు? బీజింగ్ కచేరీకి కరెంటు చాలకపోతే చుట్టుపక్కల ప్రాంతాలకు సరఫరా ఆపి ఇచ్చారని, రాత్రి పదికి బస్సులు ఆగిపోతాయి కనుక జనంలో సగం మంది మధ్యలోనే లేచి వెళ్లారని చదివాను. చివరి కచేరీకి టికెట్లు కొని వీధిలోని పిల్లలకు పంచారట కూడా. అదంతా చెప్పాక అమ్మాయి ఆ వైపును మళ్లీ మొదటి నుంచి పెట్టమంది. ఈసారి మేం సంగీతం కోసం కాకుండా సంగీతం ఆగే చోట్ల కోసం విన్నాం. ఒక భాగం ముగిసిన చోట అరక్షణం ఏమీ లేదు. ఆ తర్వాత ఎక్కడో ఒక మూల నుంచి నాలుగు చేతులు, వాటిని చూసి మరికొన్ని. పెద్ద చప్పుడుగా మారేసరికి తర్వాతి భాగం మొదలైపోయింది. నాకు వినిపించింది ఇది. మాస్టారు మాత్రం అదంతా మిక్సింగ్ మహిమ అయి ఉండవచ్చని పెదవి విరిచారు. అయి ఉండవచ్చు. కానీ ఎక్కువ చప్పట్లను తక్కువ చేసి వినిపించవలసిన అవసరం ఏ నిర్మాతకు ఉంటుంది?

అందుకే మిత్రుడి ప్రశ్నకు ఇప్పుడు, వాళ్లు వెళ్లిపోయిన రెండు గంటలకు, నాకు జవాబు తట్టింది. 2007 నాటిది నలుగురు మనుషులు ఎంత శ్రద్ధగా వాయించగలరో చెబుతుంది, అందుకు దాన్ని గౌరవిస్తాను. ఎప్పుడు చప్పట్లు కొట్టాలో తెలియని ఆ అరక్షణం మాత్రం అందులో దొరకదు. దాని కోసమైతే చైనా రికార్డే కావాలి, చివర స్టూడియో భాగం ఉన్నా సరే. రేపు ఫోన్ చేసి చెప్పాలి. వాడు ఒప్పుకోడు, మళ్లీ హూస్టన్ దగ్గరికి వెళతాడు.

పడుకోబోతూ చూస్తే మూలన ఎర్ర దీపం వెలుగుతోంది. సింథసైజర్ ఆపడం మరచిపోయాం. స్వరం నొక్కాను; ఇన్ని గంటలు వేడెక్కాక శ్రుతి కదలకుండా నిలబడింది. ఊరికే ఉండలేక నాలుగో వైపు పెట్టి, ‘సువనీర్ ఆఫ్ చైనా’ రాగాన్ని మెల్లగా దానితో కలిపి వాయించి చూశాను. రెండింటికీ స్పష్టంగా తేడా ఉంది, పావు స్వరమంత. తప్పు పెట్టెదో, టర్న్‌టేబుల్ వేగానిదో రేపు బెల్టు మార్చాక తేలుతుంది.